పదో తరగతి మార్కు చెప్పేదెంత, చేసేదెంత

పదో తరగతి ఫలితాల్లో పార్వతీపురం మన్యం జిల్లా వరసగా మూడేళ్లు రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. 2023లో 87.47 శాతం, 2024లో 96.37 శాతం, 2025లో 93.90 శాతం ఉత్తీర్ణత. 2022 ఏప్రిల్‌లో పాత విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ప్రాంతాలను కలిపి ఏర్పాటు చేసిన జిల్లా ఇది. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 59 శాతానికి కూడా చేరలేదు. శ్రీకాకుళం 62 శాతం దగ్గర ఆగింది. ఉమ్మడి రాష్ట్ర సగటు అప్పటికి 67 శాతం. దేశంలో వెనకబడిన జిల్లాల కోసం నీతి ఆయోగ్ 2018లో మొదలుపెట్టిన కార్యక్రమంలోనూ విజయనగరం పేరుంది. అలాంటి నేల నుంచి పదో తరగతిలో అగ్రస్థానం వచ్చిందంటే గర్వపడాల్సిందే. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో రాత్రి చదువులు ముగిసేదాకా పిల్లల దగ్గరే ఉండే ఉపాధ్యాయులకు, హాస్టల్ సిబ్బందికి ఆ గర్వంలో మొదటి వాటా దక్కాలి.

ఫలితాల సంబరం ముగిశాక ఒక ప్రశ్న మిగులుతుంది. 15 ఏళ్ల వయసులో వచ్చిన ఈ మార్కులు ఆ పిల్లల 30వ ఏటి గురించి ఏమైనా చెబుతాయా? మార్కులే సర్వస్వమని నమ్మే తల్లిదండ్రులున్నారు. మార్కులతో పనేముంది, బతుకు నేర్చుకుంటే చాలనే పెద్దలూ ఉన్నారు. పాత విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల అనుభవం చూస్తే ఇద్దరి మాటా పూర్తిగా నిలబడదు. ఇక్కడ పదో తరగతి మార్కు భవిష్యత్తును ఊహించి చెప్పే దానికన్నా దాన్ని పంచిపెట్టే పని ఎక్కువ చేస్తోంది. ఆ పంపకం ఎంత న్యాయంగా జరుగుతోందన్నదే అసలు చర్చ కావాలి.

ముందు ఈ మార్కు ఎంత నిలకడైన కొలతో చూద్దాం. 2019లో రాష్ట్రంలో 94.88 శాతం మంది పాసయ్యారు. కొవిడ్ వల్ల 2020, 2021లలో పరీక్షలు రద్దయ్యాయి. మళ్లీ పెట్టిన 2022లో ఉత్తీర్ణత 67.26 శాతానికి పడిపోయింది. 6.15 లక్షల మంది రాస్తే 2 లక్షల మందికి పైగా తప్పారు. రెండేళ్లు తిరిగేసరికి, 2024లో, అది 86.69 శాతానికి లేచింది. పిల్లల తెలివితేటలు మూడేళ్లలో అంత కుంగిపోవు, రెండేళ్లలో అంత పెరిగిపోవు. పడిపోయింది బడి. లేచింది కూడా బడే. ఎనిమిది, తొమ్మిది తరగతులు సగం సగం చదివిన పిల్లల చేత పది రాయించి, తప్పినందుకు వాళ్లనే తక్కువ చేసి చూశాం.

జిల్లాల మధ్య తేడా కూడా ఇదే చెబుతోంది. 2025లో మన్యం జిల్లా మొదట నిలిస్తే పొరుగున ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64 శాతంతో చివర నిలిచింది. రెండూ కొండ జిల్లాలే. రెండింట్లోనూ గిరిజన సంక్షేమ పాఠశాలలున్నాయి, రోడ్డు లేని ఊళ్లున్నాయి. ఒక గట్టుకు అటున్న పిల్లలకూ ఇటున్న పిల్లలకూ బుర్రలో అంత తేడా ఉండదు. తేడా ఉపాధ్యాయుల నియామకంలో, పర్యవేక్షణలో, వెనకబడిన పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి చదివించడంలో ఉంటుంది. అంటే మార్కుల పట్టికలో ఒక పిల్లవాడి పేరు పక్కన కనిపించే అంకెలో కొంత వాడిది, కొంత వాడి ఇంటిది, చాలా భాగం వాడికి దొరికిన బడిది.

అలాగని ఆ అంకెకు విలువే లేదనడం తప్పు. హైస్కూలు మార్కులకూ తర్వాతి జీవితానికీ సంబంధం ఉందని చాలా దేశాల్లో రుజువైంది. అమెరికాలో మయామీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో వెలువరించిన అధ్యయనంలో, హైస్కూలు గ్రేడు సగటు ఒక్క పాయింటు పెరిగితే పెద్దయ్యాక వార్షిక సంపాదన మగవాళ్లకు సుమారు 12 శాతం, ఆడవాళ్లకు 14 శాతం ఎక్కువగా కనిపించింది. అదే దేశంలో కారెన్ ఆర్నాల్డ్ అనే పరిశోధకురాలు 1981లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని హైస్కూళ్లలో అగ్రస్థానంలో నిలిచిన 81 మందిని 14 ఏళ్లపాటు గమనించారు. వాళ్లు కాలేజీలోనూ బాగా చదివారు, మంచి ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. కొత్త దారి వేసినవారు మాత్రం వాళ్లలో దాదాపు లేరు. ఉన్న వ్యవస్థలో కుదురుకోవడానికి కావలసిన గుణాన్ని మార్కులు బాగానే పట్టుకుంటాయని, దాన్ని దాటి వెళ్లే గుణాన్ని పట్టుకోలేవని దీన్నిబట్టి అనుకోవచ్చు.

మన పరీక్షకు సూటిగా తగిలే పరిశోధన షికాగోది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన 55 వేల మందికి పైగా విద్యార్థుల వివరాలను 2020లో విశ్లేషించారు. కాలేజీ చదువు పూర్తిచేస్తారా లేదా అన్నది నాలుగేళ్ల తరగతి గ్రేడులు చెప్పినంత బాగా ఒక్కరోజు ప్రవేశ పరీక్ష చెప్పలేకపోయింది. తేడా దాదాపు అయిదు రెట్లు. కారణం తేలికగానే అర్థమవుతుంది. నాలుగేళ్ల గ్రేడులో రోజూ బడికి రావడం, ఇచ్చిన పని చేయడం, నచ్చని సబ్జెక్టునూ ఓపికగా చదవడం అన్నీ కలిసి ఉంటాయి. ఆ ఓపికే తర్వాత ఉద్యోగంలోనూ పనికొస్తుంది. మన రాష్ట్రంలో ఏం చేశాం? నిరంతర మూల్యాంకనం పేరుతో 20 అంతర్గత మార్కులు ఉండేవి. ప్రైవేటు బడుల్లో వాటిని ఉదారంగా వేసేస్తున్నారన్న ఫిర్యాదులతో 2019లో వాటిని ఎత్తేసి, మొత్తం 100 మార్కులకూ మార్చి పరీక్షనే ఆధారం చేశారు. ఆ ఫిర్యాదు అబద్ధం కాదు. కానీ దొంగను పట్టుకోలేక ఇంటినే పడగొట్టినట్టయింది. ఏడాది పొడవునా బడికొచ్చిన పిల్ల శ్రమకు ఇప్పుడు ఎక్కడా లెక్క లేదు. ఆ పిల్ల భవిష్యత్తు గురించి ఎక్కువ చెప్పగలిగిన సమాచారాన్ని మనమే చెరిపేసుకున్నాం.

ఇప్పుడు ఆ మార్కు చేసే పని సంగతి. ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలో ఉన్న శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ 2016లో మొదలైంది. పదో తరగతి మార్కుల ఆధారంగా నేరుగా ఆరేళ్ల చదువులోకి, అంటే ఇంటర్, బీటెక్ రెండూ కలిపి, చేర్చుకుంటారు. ఏటా వెయ్యి మంది దాకా చేరతారు. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు వెనకబాటు కింద 4 శాతం మార్కులు కలుపుతారు. కూలి చేసుకునే కుటుంబంలో పుట్టిన పిల్ల కోచింగ్ గడప తొక్కకుండా ఇంజినీరు కావడానికి ఈ ప్రాంతంలో ఇంతకన్నా సూటి దారి లేదు. దాన్ని నిలబెట్టుకోవాలి. 2020లో, 2021లో పరీక్షలు లేనప్పుడు ఇదే విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష పెట్టాల్సి వచ్చింది. ఆ రెండు బ్యాచ్‌ల పిల్లలు ఒక పద్ధతిలో, ముందు వెనక వాళ్లు మరో పద్ధతిలో వచ్చారు. ఎవరు చదువు నిలబెట్టుకున్నారు, ఎవరు మధ్యలో వెళ్లిపోయారు, ఎవరికి ఉద్యోగాలొచ్చాయి అన్నది పోల్చి ప్రకటిస్తే, మార్కు ఎంత చెబుతుందన్న ప్రశ్నకు మన నేల మీద నుంచే జవాబు దొరుకుతుంది. విశ్వవిద్యాలయం ఆ పని చేయాలి.

తపాలా శాఖ గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగాలు ఇంకో తలుపు. రాత పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. పదో తరగతి మార్కుల జాబితాయే ఎంపిక జాబితా. పదేళ్ల కిందట రాసిన పరీక్ష ఈ రోజు ఉద్యోగం ఇస్తుంది లేదా ఇవ్వదు. పరీక్షలే జరగని 2020, 2021 బ్యాచ్‌లకు కూడా ప్రభుత్వం తర్వాత కమిటీ వేసి గ్రేడులు ఇవ్వాల్సి వచ్చిందంటే, ఆ కాగితం అడగని చోటు మన వ్యవస్థలో ఎంత తక్కువో తెలుస్తోంది.

సైన్యం సంగతి ఈ జిల్లాల్లో వేరుగా చెప్పాలి. ఉద్దానం ఊళ్లలో తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెత్తే కుర్రాళ్లు కనిపించని రోజుండదు. 1.6 కిలోమీటర్ల పరుగును నిర్ణీత సమయంలో ముగించాలి, రాత పరీక్ష నెగ్గాలి. వీటికన్నా ముందు పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం ఉండాలి. మన బోర్డు ద్వితీయ భాష హిందీలో 20 మార్కులకే పాస్ చేస్తుంది. హిందీలో 25 తెచ్చుకుని పదో తరగతి పాసైన కుర్రాడు ఎంత వేగంగా పరుగెత్తినా సైనికుడు కాలేడు. ఆ మాట వాడికి పదో తరగతిలో ఎవరూ చెప్పరు. 19 ఏళ్లు నిండాక దరఖాస్తు నింపేటప్పుడు తెలుస్తుంది. ఆ 25 మార్కులు వాడి ధైర్యం గురించి గానీ, క్రమశిక్షణ గురించి గానీ ఏమీ చెప్పలేదు. తలుపు మాత్రం మూసేశాయి.

ఇక మార్కులు లేకున్నా పైకొచ్చిన వాళ్ల కథలు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం నెగ్గిన తొలి భారతీయ మహిళ ఆమె. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయింది. చూపు మందగించి బడి చదువు సాగని ద్వారం వెంకటస్వామి నాయుడు విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యుడై, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఇవి చెప్పుకోవలసిన జీవితాలే. కానీ వీటిని చూపించి పేదింటి పిల్లవాడికి మార్కులతో పనిలేదని చెప్పడం అన్యాయం. మల్లీశ్వరికి 12 ఏళ్ల వయసులో ఊళ్లోనే శిక్షకుడు దొరికాడు. ద్వారం వారికి ఇంట్లో అన్నగారే గురువు, బయట రాజుగారు పెట్టిన కళాశాల. బడి కాకుండా మరో సంస్థ వాళ్లను అందుకుంది. అలాంటి చేయి అందని వాళ్ల కథలు పత్రికలకెక్కవు.

వ్యాపారి కొడుకు పది తప్పితే కొట్లో కూర్చుంటాడు. పదేళ్లకు ఆ కొట్టుకు యజమాని అవుతాడు. వాడి విషయంలో మార్కులు ఏమీ చెప్పలేదనే అనిపిస్తుంది. భూమిలేని కూలి కొడుకు పది తప్పితే ఆ వేసవిలోనే మేస్త్రీ వెంట సెంట్రింగ్ పనికి హైదరాబాదో, చెన్నయో వెళ్లిపోతాడు. తీరంలో అయితే గుజరాత్‌లోని వెరావల్‌కు, బోటు మీద కలాసీగా. 2018 నవంబరులో పాకిస్తాన్ దళాలు పట్టుకెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఆ దారినే వెళ్లినవాళ్లు. 2020 జనవరిలో విడుదలై వచ్చేదాకా వాళ్ల ఇళ్లు ఎలా గడిచాయో తీర గ్రామాలకు తెలుసు. కలాసీ నుంచి తండేలుగా, అంటే బోటు నడిపే నాయకుడిగా ఎదిగి ఇల్లు కట్టుకుని, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లను ఓడినవాళ్లని అనే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ నైపుణ్యానికి పత్రం లేదు, బీమా సరిగా లేదు, వయసు మళ్లితే దారి లేదు. ఒకే మార్కు రెండిళ్లలో రెండు భవిష్యత్తులు ఇస్తున్నప్పుడు, జోస్యం చెబుతున్నది మార్కు కాదు, ఇంటి ఆస్తి.

ఆడపిల్లల దగ్గర ఈ మార్కు ఇంకో పని చేస్తుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల జీవితాలను వరసగా నమోదు చేస్తూ వచ్చింది. ఎంచుకున్న జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. 15 ఏళ్లకే బడి మానేసిన అమ్మాయిలకు 18 నిండకుండానే పెళ్లయ్యే ముప్పు, చదువు కొనసాగించిన వారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువని అందులో తేలింది. ఇంటి స్తోమత, తల్లి చదువు, పిల్ల మీద పెద్దవాళ్లు పెట్టుకున్న ఆశ, అన్నీ దీని మీద పనిచేస్తాయి. ఇంట్లో పెళ్లి మాట ఎత్తినప్పుడు, 550 మార్కులొచ్చిన పిల్లకు వాదించడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది. టీచరు వచ్చి తండ్రితో మాట్లాడతారు, ట్రిపుల్ ఐటీ సీటు వచ్చిందంటారు, సంబంధం వెనక్కి వెళ్తుంది. 310 వచ్చిన పిల్లకు ఆ కాగితం లేదు. ఆమె పాసే అయింది, కానీ ఆమె తరఫున మాట్లాడటానికి ఎవరూ రారు. కొండల్లో కస్తూర్బా విద్యాలయాలను ఇంటర్ దాకా పెంచడం ఈ దశాబ్దంలో జరిగిన మంచి పనుల్లో ఒకటి. 310 మార్కుల పిల్లకు కూడా వెళ్లడానికి ఒక చోటు ఉండటమే అక్కడ జరిగిన మేలు.

పరీక్ష దేన్ని కొలవాలన్న చర్చ ఈ ప్రాంతానికి కొత్తదేమీ కాదు. విజయనగరంలో కలిసి చదువుకున్న గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి ఆ చర్చతోనే తెలుగు చరిత్రను మలుపు తిప్పారు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, మెట్రిక్ అయ్యీకాగానే పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడై, పై చదువులు ప్రైవేటుగా పూర్తిచేసుకున్నారు. పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష వదిలి ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో వ్యాసం రాస్తేనే మార్కులు వేసే పద్ధతి మీద ఆయన పోరాడారు. వ్యాసరచన పరీక్షల భాష గురించే గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. పిల్లవాడికి విషయం తెలుసా లేదా అన్నది పక్కనపెట్టి, పెద్దలు కోరిన భాష వచ్చా లేదా అని పరీక్ష చూస్తోందన్నదే వాళ్ల బాధ. అదే గిడుగు సవర భాష నేర్చుకుని, నిఘంటువు కూర్చి, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించే ప్రయత్నం చేశారు. 2025లో పదో తరగతి రాసినవారిలో 5.5 లక్షలకు పైగా పిల్లలు ఇంగ్లిష్ మాధ్యమంలో రాశారు. సీతంపేట కొండ మీద సవర మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్ల తెలుగు దాటి ఇంగ్లిష్‌లో సైన్సు రాస్తోంది. ఆమెకు వచ్చిన 42 మార్కులూ, ఇంగ్లిష్ పుస్తకాలున్న ఇంట్లో పెరిగిన పిల్లకు వచ్చిన 80 మార్కులూ ఒకే దూరాన్ని కొలిచాయని ఎవరైనా అనగలరా? ఆమె నడిచిన దూరం ఎక్కువని నేనంటాను.

అంచు మీద నిలిచిన పిల్లల గురించి కూడా మాట్లాడాలి. ఇంగ్లండ్‌లో 16 ఏళ్లకు రాసే జీసీఎస్ఈ ఇంగ్లిష్ పరీక్షలో కావలసిన గ్రేడును కొద్ది మార్కుల్లో అందుకున్నవాళ్లనూ, కొద్ది మార్కుల్లో తప్పినవాళ్లనూ ఆర్థికవేత్తలు పోల్చి చూశారు. ఇద్దరి సామర్థ్యం దాదాపు ఒకటే. అయినా తప్పినవాళ్లలో పై చదువులకు వెళ్లడం తగ్గింది, 18 ఏళ్లకు చదువూ పనీ ఏదీ లేకుండా మిగిలిపోవడం పెరిగింది. 33కూ 35కూ మధ్య తెలివిలో తేడా లేదు. ఆ గీత తర్వాత ఏ వ్యవస్థ ఎవరిని పట్టుకుంటుందన్నదే తేడా. మన దగ్గర 35 వచ్చినవాడికి ఇంటర్ ఉంది, ఐటీఐ ఉంది, పాలిటెక్నిక్ ఉంది. 33 వచ్చినవాడికి సప్లిమెంటరీ ఫీజు కట్టమని ఒక ప్రకటన ఉంది. తప్పిన పిల్లల్ని మళ్లీ రెగ్యులర్‌గా బడిలో చేర్చుకునే ఏర్పాటు 2023-24లో చేశారు. మంచి నిర్ణయం. దాన్ని ఒక్క ఏటి ముచ్చటగా కాకుండా స్థిరమైన హక్కుగా చేయాలి. అంతర్గత మార్కులను పాత లోపాలు సరిచేసి, బయటి పరిశీలకులతో తిరిగి తేవాలి. డాక్ సేవక్ వంటి ఉద్యోగాలకు పదో తరగతి మార్కుతో పాటు చిన్న రాత పరీక్ష పెట్టాలి. 2025 మెగా డీఎస్సీలో 16,347 ఉపాధ్యాయ పోస్టులకు ప్రకటన ఇచ్చి ఎంపిక చేసినప్పుడు పదో తరగతి మార్కును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. టెట్‌కూ, రాత పరీక్షకూ విలువ ఇచ్చారు. పాతికేళ్ల వయసులో కష్టపడి చదివినవాడికి అక్కడ తలుపు తెరిచే ఉంది. మిగతా చోట్ల ఎందుకు ఉండకూడదు?

జిల్లా ర్యాంకు ప్రకటించేటప్పుడు మరో లెక్క కూడా చెప్పాలి. 2023లో మన్యం జిల్లాను మొదటి స్థానంలో నిలిపిన పిల్లలు 2025 మార్చికి ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు రాసి ఉండాలి. ఎంతమంది రాశారు, వాళ్లలో అమ్మాయిలెందరు, ఐటీఐల్లో ఎందరు, ఊళ్లో లేనివాళ్లు ఎందరు? విద్యార్థులందరికీ అపార్ గుర్తింపు సంఖ్యలు ఇస్తున్న రోజుల్లో ఈ లెక్క తీయడం కష్టం కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకూ ఇదే వర్తిస్తుంది. రెండేళ్ల తర్వాతి లెక్క లేకుండా ఉత్తీర్ణత శాతం ఒక్కటే చూపిస్తే జిల్లా గురించి సగమే చెప్పినట్టు.

2025లో ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి. సప్లిమెంటరీ పరీక్షలు మే 19న మొదలయ్యాయి. మధ్యలో 26 రోజులు. తప్పిన కుర్రాడి ఇంటికి అడ్వాన్సు పట్టుకుని మేస్త్రీ వచ్చేది ఆ రోజుల్లోనే, అమ్మాయికి సంబంధం చూడటం మొదలయ్యేదీ అప్పుడే. గ్రామ సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకులని ఒక ఉద్యోగి ఉన్నారు. ఫలితాలు వచ్చిన వారంలోగా ఆ ఊళ్లో తప్పిన ప్రతి పిల్ల, పిల్లవాడి ఇంటికి సబ్జెక్టు టీచరుతో కలిసి వెళ్లడం, ఫీజు కట్టించడం, పరీక్ష దాకా దగ్గరలోని హైస్కూల్లో తరగతులు జరిగేలా చూడటం ఆ ఉద్యోగి విధిగా రాయాలి. ఎన్ని ఇళ్లకు వెళ్లారో ఆ నెలాఖరుకు మండలాల వారీగా కలెక్టరు ప్రకటించాలి.